కళ్ళు తిరిగాయన్న బావగారి పక్షాన

మా బెజవాడలో సినిమా చూసి బయటికొచ్చిన మనిషిని ఎలా ఉందని అడిగితే జవాబు ఒక మూసలో వస్తుంది. ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ ల్యాగ్, ఇంటర్వెల్ బాగా పేలింది, క్లైమాక్స్ తేలిపోయింది. గేటు దగ్గర మైకులు పట్టుకుని కాచుక్కూచునే పబ్లిక్ టాక్ కుర్రాళ్ళు వేసే ప్రశ్నలూ అవే. ఇది ఇవాళ పుట్టిన అలవాటు కాదు. గాంధీనగర్‌లో వీధి వీధికీ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న కాలం నుంచీ మార్నింగ్ షో టాక్ అనేది ఈ ఊళ్ళో ఒక పెద్ద సరుకు. కృష్ణా, గుంటూరు ఏరియాల్లో బొమ్మ ఎన్నాళ్ళు ఆడుతుందో ఆ నాలుగు ముక్కల్లోంచే లెక్క కట్టేవారు. నాకు ఆ మూస మీద కోపం లేదు. మామూలు సినిమాకి అది బాగానే పనికొస్తుంది.

2023 జూన్‌లో వచ్చిన ‘స్పైడర్-మ్యాన్: అక్రాస్ ది స్పైడర్-వర్స్’కి మాత్రం అది పనికిరాలేదు. మన దేశంలో ఆ సినిమాని తెలుగుతో సహా పది భాషల్లో వేశారు. మావాళ్ళు చాలామందే చూశారు. ఎవరు చూసినా ఏదో ఒకటి అన్నారు. బొమ్మల సినిమాకి రెండు గంటల ఇరవై నిమిషాలేంటి? సగం కథ చెప్పి లేచిపోమన్నారేంటి? మాటలు సరిగ్గా వినపడలేదు. ఆ మన ఇండియా కుర్రాడు బాగున్నాడు. విజువల్ ట్రీట్, ప్రతి ఫ్రేమూ పెయింటింగే. ఇక ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు నడిపే మా బావగారైతే ఒక్కటే మాట: “కళ్ళు తిరిగాయిరా బాబూ.”

ఆ మాటకి ఇంట్లో అందరూ నవ్వారు. ఇన్ని అభిప్రాయాల్లో ఆ సినిమా గురించి నిజంగా చెప్పినది ఆ ఒక్కటే అని నా వాదన.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. బ్రూక్లిన్‌లో ఉండే మైల్స్ మొరాలెస్ అనే కుర్రాడు ఒక స్పైడర్-మ్యాన్. మనది కాక ఇంకా ఎన్నో లోకాలున్నాయి, ఒక్కో లోకానికీ ఒక్కో సాలెపురుగు వీరుడు. గ్వెన్ అనే అమ్మాయి ఇంకో లోకపు సాలెపురుగు. ఒంటి నిండా నల్లటి చిల్లులున్న స్పాట్ అనే ప్రతినాయకుడు ఆ చిల్లుల్లోంచి లోకాల మధ్య దూకుతుంటాడు. వాడి వెనకపడి మైల్స్ వెళ్తే అక్కడ వందలమంది స్పైడర్లు, వాళ్ళకో నాయకుడు, ఆ నాయకుడికో నియమం. ఇదంతా నేను చెబుతుంటే చప్పగా ఉంది కదా. అవును, కథగా చెబితే చప్పగానే ఉంటుంది. ఆ సినిమాలో అసలు విషయమంతా గీతలో, రంగులో, కదలికలో ఉంది.

నా పని పెళ్ళి వీడియోల ఎడిటింగ్. పొద్దున లేస్తే సెకనుకి పాతిక ఫ్రేములు, అంటే పాతిక విడివిడి బొమ్మలు. జీలకర్ర బెల్లం దగ్గర ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా తాళం తప్పినట్టు తెలుస్తుంది నాకు. అందుకే బావగారి మాట నాకు నవ్వులాటగా అనిపించలేదు. ఆయన షాపు మూసి ఇంటికెళ్తూ దారిలో మా స్టూడియోకి వచ్చినప్పుడు, దీనికి ముందొచ్చిన మొదటి భాగం సినిమా ట్రైలర్‌ని టైమ్‌లైన్ మీద వేసి కూర్చోబెట్టాను. ఒక్కో ఫ్రేమూ నొక్కుకుంటూ వెళ్ళాను. మైల్స్ గాల్లో చెయ్యి చాపాడు. ఇంకోసారి నొక్కాను. చెయ్యి అక్కడే ఉంది. మళ్ళీ నొక్కితే అప్పుడు కదిలింది. “ఆగిందేంటి, నీ కంప్యూటరు బిగుసుకుపోయిందా?” అన్నారు బావగారు. లేదండీ, వెనక కెమెరా మాత్రం ప్రతి ఫ్రేముకీ జరుగుతోంది చూడండి అన్నాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని మానిటర్‌కి ముక్కు ఆనించినంత దగ్గరికొచ్చారు.

సినిమాకి సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు. కంప్యూటర్లో చేసే బొమ్మల సినిమాల్లో మామూలుగా ఇరవై నాలుగింటికీ భంగిమ మారుతుంది, అందుకే అవి నూనె రాసినట్టు జారిపోతూ ఉంటాయి. ఇక్కడ చాలా చోట్ల ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేములు నిలిపారు. అంటే సెకనుకి పన్నెండే. 2018లో వచ్చిన మొదటి భాగంలో, అడవిలో చెట్ల మధ్య ఊగుతూ పారిపోయే ఘట్టంలో, అనుభవమున్న పాత స్పైడర్-మ్యాన్ పీటర్ పార్కర్ ఇరవై నాలుగు మీద కదులుతాడు. పక్కనే కొత్తగా నేర్చుకుంటున్న మైల్స్ పన్నెండు మీద తడబడతాడు. ఒకే తెర మీద ఇద్దరూ రెండు కాలాల్లో ఉన్నారు. వాడికింకా చేతకాదని ఎవరూ మాటల్లో చెప్పక్కర్లేదు, వాడి కదలికే చెబుతుంది.

ఇది విని బావగారు అన్న మాట: “అయితే సగం బొమ్మలే గీసి టికెట్టు డబ్బులు మాత్రం మొత్తం తీసుకున్నారన్నమాట!” వ్యాపారస్తుడి లెక్క అది. నేనూ కాసేపు నవ్వాను.

కానీ ఆయన వదల్లేదు. థియేటర్లో తనకి ఇంకో అనుమానం కూడా వచ్చిందట. దూరంగా ఉన్న బొమ్మల అంచుల్లో ఎర్ర గీత ఒకటి, నీలం గీత ఒకటి విడివిడిగా కనపడ్డాయి, కళ్ళద్దాలివ్వకుండా త్రీడీ ప్రింటు వేసేశారేమో అనుకున్నారట. ఇదే అనుమానం మొదటి భాగానికి అమెరికాలో చూసినవాళ్ళక్కూడా వచ్చింది. ఫోకస్‌లో లేని వస్తువుని మనం మామూలుగా మసకగా చూపిస్తాం. పెళ్ళివాళ్ళు కూడా నన్ను అడిగేది అదే, వెనకదంతా బ్లర్ చెయ్యండి అని. ఈ సినిమా వాళ్ళు మసక మానేశారు. పాత కామిక్ పుస్తకాల చవక అచ్చులో రంగు పలకలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక అంచుల్లో రంగు పక్కకి జరిగేది కదా, దాన్ని దూరానికి గుర్తుగా వాడుకున్నారు. వేగంగా కదిలే చెయ్యి వెనక వచ్చే చారని కూడా తీసేసి, ప్రతి భంగిమనీ కత్తితో కోసినట్టు ఉంచారు. నీడల్లో అచ్చు చుక్కలు వేశారు.

చార లేదు, మసక లేదు, భంగిమలు సగమే, అంచుల్లో రంగు చెదిరి ఉంది. కన్ను తనకి అలవాటైన ఆసరాలన్నీ పోగొట్టుకుని, మధ్యలో ఖాళీలని తనే పూడ్చుకోవాలి. కళ్ళు తిరగవా మరి? బావగారు ఆ సినిమా చూశారు. చూసినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పారు. అది కావాలని చేశారన్న సంగతి ఒక్కటే ఆయనకి తెలియలేదు. విజువల్ ట్రీట్ అన్నవాళ్ళని నేను పట్టుబట్టి అడిగాను, ఏ ఫ్రేము పెయింటింగులా ఉంది, ఎందుకుంది అని. “అంతా బాగుంది బాసూ” అన్నారు. అంతా బాగుందంటే ఏదీ గుర్తులేదని నా పదేళ్ళ కస్టమర్లు నాకు నేర్పారు.

నాకు గుర్తున్నది చెబుతాను. గ్వెన్ లోకం మొత్తం నీటిరంగుల్లో ఉంటుంది. తండ్రి పోలీసు. కూతురే తను వెతుకుతున్న ముసుగు మనిషని ఆయనకి తెలియదు. ఆ ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు వెనక గోడ, కిటికీ, సామాను క్రమంగా గీతలు పోగొట్టుకుని ఒట్టి రంగు కారుతున్న పొరలవుతాయి. మాట బిగుసుకుంటే రంగు చల్లబడుతుంది, మెత్తబడితే వెచ్చని రంగు పైనుంచి దిగుతుంది. ఆ గదికి తనకంటూ స్థిరమైన రంగే లేదు, ఆ పిల్ల మనసుని బట్టి మారుతుంది. లండన్ నుంచి వచ్చే హోబీ అనే పంక్ స్పైడర్ ఇంకో రకం. ఏలూరు రోడ్డు గోడ మీద ఒకదాని మీద ఒకటి అంటించి సగం చింపేసిన పోస్టర్లు లేచి నడిచొస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. వాడి ఒంటికి ఒక ఫ్రేముల లెక్క, జాకెట్టుకి వేరే లెక్క. ఏ క్రమానికీ లొంగనివాడని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇదంతా అమెరికా వాళ్ళకే అర్థమయ్యే కళ, మనవాళ్ళకి అలవాటు లేదు అనే పెద్దమనుషులూ ఉన్నారు. వాళ్ళతో నాకు అసలు పడదు. ఇక్కడికి దగ్గర్లోనే అమరావతి స్తూపం. దాని గుండ్రటి పలక ఒకటి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, నలగిరి ఏనుగు కథ. ఒకే పలకలో ఏనుగు రెండుసార్లు కనపడుతుంది. ఒకవైపు వీధిలో జనాన్ని తొక్కేస్తూ, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. మధ్యలో గీత లేదు, ఇది ముందు ఇది తర్వాత అని రాయలేదు. రెండు ఏనుగుల మధ్య ఖాళీని చూసేవాడి కన్నే పూడ్చుకోవాలి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఈ ఒడ్డున ఉన్న జనం ఆ పని చేసుకున్నారు. మనకి అన్నీ ఎప్పుడో ఉన్నాయని ఛాతీ విరుచుకోవడానికి చెప్పట్లేదు ఇది. కన్ను చేసే కష్టం మనకి కొత్త కాదు, మన సినిమా ఆ కష్టం పెట్టడం మానేసింది, అంతే. మన సినిమాని మనం చెవుల్తో చూస్తాం. డైలాగు, పాట, బ్యాక్‌గ్రౌండ్ స్కోరు. బయటికొచ్చి చెప్పుకునేదీ వాటి గురించే.

చెవుల సంగతి వచ్చింది కాబట్టి, మాటలు వినపడలేదన్నది నూటికి నూరుపాళ్ళు న్యాయమైన ఫిర్యాదు. మొదట్లో గ్వెన్ డ్రమ్స్ వాయిస్తూ కథ చెప్పే భాగంలో సంగీతం మాటని మింగేసింది. ఇది మన డబ్బింగ్ తప్పు అనుకున్నాం. అమెరికాలోనూ ఇదే గోల, థియేటర్లలో వాల్యూం పెంచమని నిర్మాతల వైపు నుంచే మాట రావాల్సి వచ్చింది. దానికి తోడు మన ఇంటర్వెల్. ఆ సినిమాలో ఇంటర్వెల్ అనేది లేదు. మేము చూసిన హాల్లో ఒక మాట మధ్యలో లైట్లు వేసేశారు, మళ్ళీ మొదలైంది ఆ మాట తోక దగ్గర. ఆ కోతని దర్శకుల ఖాతాలో వేసి ఇంటర్వెల్ బ్యాంగే లేదన్నవాళ్ళు మా వరసలోనే ఉన్నారు.

సగం కథ అన్న ఫిర్యాదులో కూడా నేను జనం పక్షమే, కానీ వాళ్ళు చెప్పే కారణానికి కాదు. సగం కథకి మనం భయపడే రకమా? 2015 జూలైలో కట్టప్ప కత్తి దింపిన చోట లేచి ఇంటికొచ్చి, 2017 ఏప్రిల్ దాకా ఎదురుచూసినవాళ్ళం. అయితే ఆ సినిమా పేరులోనే ‘ది బిగినింగ్’ అని ఉంది. ఈ స్పైడర్ సినిమాకి కూడా 2021 డిసెంబరులో మొదటి చూపు విడుదల చేసినప్పుడు పేరు పక్కన ‘పార్ట్ వన్’ ఉండేది. తర్వాత తీసేశారు. చెప్పి సగం పెడితే మనిషి ఆకలి దాచుకుని తింటాడు. చెప్పకుండా మధ్యలో విస్తరి లాగేస్తే తిడతాడు. పైగా తర్వాతి భాగం 2024 మార్చి అన్నారు, ఇప్పుడు 2027 జూన్ అంటున్నారు. తిట్టడానికి హక్కుంది.

ఇక, బొమ్మల సినిమా పిల్లలకే అనే మాట. ఇది అన్నిటికన్నా ఎక్కువ వినపడింది. దీనికి కారణం నాకు తెలుసు. మన ఇళ్ళల్లో బొమ్మలంటే టీవీలో పిల్లాడికి అన్నం పెట్టేటప్పుడు పెట్టేవి. హైదరాబాద్‌లో పుట్టి 2008 నుంచి టీవీలో లడ్డూలు తింటున్న భీముడు ఒక తరాన్ని అలా పెంచాడు. తప్పేం లేదు. కానీ ఈ మాట అన్నవాళ్ళలో ఎంతమంది 2025 జూలై తర్వాత ‘మహావతార్ నరసింహ’కి కుటుంబాలతో వెళ్ళారో నేను చూశాను. మా అమ్మ సహా. అదీ బొమ్మల సినిమానే. స్తంభం పగిలిన చోట హాల్లో పెద్దవాళ్ళు లేచి దణ్ణాలు పెట్టారు. కాబట్టి వీళ్ళకి బొమ్మలతో పేచీ ఉందంటే నేను నమ్మను. తెలిసిన కథ అయితే బొమ్మైనా చాలు. తెలియని కథ అయితే మనిషి ఉండాలి, అదీ తెలిసిన మొహం ఉండాలి. గీత మీద అభిప్రాయం రెండిట్లోనూ లేదు. నరసింహ సినిమాలో కదలిక చాలా చోట్ల బిరుసుగా ఉంది, వెలుతురు ప్లాస్టిక్ మీద పడ్డట్టు ఉంది. ఆ మాట అంటే మా వీధిలో నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. భక్తి మీద అన్నాననుకున్నారు, నేనన్నది లైటింగ్ మీద.

ఇండియా కుర్రాడి గురించి కొంచెమే చెబుతాను. పవిత్ర్ ప్రభాకర్ 2004లో మనవాళ్ళే సృష్టించిన కామిక్ పాత్ర. సినిమాలో వాడి ఊరు ముంబట్టన్, ముంబైనీ మన్‌హట్టన్‌నీ కలిపి నిలువునా పేర్చినట్టు. హిందీ, పంజాబీల్లో వాడికి శుభ్‌మన్ గిల్ గొంతునిచ్చాడని మా కుర్రాళ్ళు టికెట్లు కొన్నారు, తెలుగులో చూసి గిల్ ఎక్కడని అడిగారు. ట్రాఫిక్ మీద జోకులు, టీ మీద జోకులు, బ్రిటిష్ వాళ్ళు దోచుకుపోయిన సామాను మీద ఒక చురక. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది టూరిస్టు కార్డులా అనిపించింది. వాడి ఊళ్ళో రంగులు, ఆ పాత కామిక్ అచ్చుల పసుపూ ఆకుపచ్చా మాత్రం నిజంగా మనవి.

మా మేనకోడలికీ బావగారికీ, అంటే కూతురికీ తండ్రికీ, అసలు గొడవ వేరేచోట వచ్చింది. స్పైడర్ల నాయకుడు మిగెల్ నియమం ఏంటంటే, ప్రతి స్పైడర్ జీవితంలోనూ కొన్ని చావులు జరిగే తీరాలి. దగ్గరివాడైన ఒక పోలీసు కెప్టెన్ పోవాలి. ఆపితే లోకమే చిరిగిపోతుంది. మైల్స్ తండ్రి కెప్టెన్ కాబోతున్నాడు. వాడు ఒప్పుకోడు, పారిపోతాడు. “రాసిపెట్టింది జరగాల్సిందే కదమ్మా, వాడొక్కడి కోసం లోకం పోవాలా?” అన్నారు బావగారు. “ఎవరు రాశారు నాన్నా? ఆ మిగెల్ రాసుకున్న లెక్క అది, దేవుడు రాసింది కాదు” అంది ఇంటర్ చదివే పిల్ల. ఆయన తగ్గలేదు, ఆ పిల్లా తగ్గలేదు. అక్కయ్య చపాతీలు చల్లారిపోతున్నాయని అరిచేదాకా సాగింది. మొదటి ఆట చూసి కథే లేదు అన్న సినిమా గురించి ఒక లారీ స్పేర్ పార్టుల మనిషి భోజనం మానేసి వాదించాడు. మైకు కుర్రాళ్ళు ఈ పూట మా ఇంటికి రావాల్సింది. నా మట్టుకు నేను పిల్ల పక్షం, ఆ మాట బావగారి ముందు అనలేదు.

నాకు నచ్చని చోటు ఒకటుంది, అదీ చెప్పాలి. వందలమంది స్పైడర్లు మైల్స్‌ని తరిమే ఘట్టం చాలా ఎక్కువైంది. ఒక్కొక్కడిది ఒక్కో గీత, ఒక్కో రంగు, అన్నీ ఒకేసారి. కన్ను పూడ్చుకోవడానికి ఖాళీ ఉండాలి కదా, అక్కడ ఖాళీయే లేదు. గ్వెన్ గదిలో రంగుకి ఊపిరి పీల్చుకునే సమయం ఇచ్చినవాళ్ళు ఇక్కడ ప్రదర్శన పెట్టుకున్నారు. బావగారికి కళ్ళు తిరిగింది ఎక్కువ అక్కడే. ఆ ఘట్టం మట్టుకు ఆయన మాట ఫిర్యాదు కూడా, నాదీ అదే ఫిర్యాదు. ఆ సినిమాకి పనిచేసిన కళాకారుల్లో వందమంది దాకా మధ్యలోనే వెళ్ళిపోయారని, చేసిన ఫ్రేముల్నే మళ్ళీ మళ్ళీ మార్పించారని ఆ నెల్లోనే అమెరికా పత్రికలో వచ్చింది. పెళ్ళికొడుకు పెదనాన్న ఆల్బం పంచాక వచ్చి మళ్ళీ పాట మార్చమంటే నాకెలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, ఆ తరిమే ఘట్టం చూసినప్పుడల్లా ఎన్నిసార్లు దిద్దించారో అన్న ఆలోచనే వస్తుంది.

ప్రేక్షకుడి అభిప్రాయం ఎంత దూరం పోగలదో దానికీ ఆ సినిమాలోనే సాక్ష్యం ఉంది. మధ్యలో కాసేపు లెగో ఇటుకల లోకం వస్తుంది. కెనడాలో పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు సినిమా ట్రైలర్ చూసి, నచ్చి, దాన్ని ఇంట్లో కంప్యూటర్ మీద షాట్‌కి షాట్ లెగో బొమ్మలతో మళ్ళీ చేశాడు. సినిమా వాళ్ళు అది చూసి ఆ లెగో ఘట్టం పని వాడికే ఇచ్చారు. బాగుంది అని ఒక్క ముక్క అనకుండా వాడు ఇచ్చిన రివ్యూ అది. ప్రతి షాటూ ఎంతసేపుందో, కెమెరా ఎక్కడుందో లెక్కపెట్టకుండా ఆ పని చెయ్యలేడు. మా ఊళ్ళో అలాంటి కుర్రాళ్ళు లేరా అంటే ఉన్నారు. నా దగ్గర పని నేర్చుకునేవాడొకడు తలంబ్రాల షాట్‌లో భంగిమలు రెండేసి ఫ్రేములు నిలిపి, అంచుల్లో ఎర్రా నీలం వేసి ఒక పెళ్ళి టీజరు చేశాడు. పెళ్ళికూతురికి తెగ నచ్చింది. వాళ్ళ నాన్నగారు వీడియో పాడైందనుకుని ఫోన్ చేశారు.

తర్వాతి భాగం 2027 జూన్‌లో వస్తే అప్పటికి మన బళ్ళు తెరుచుకునే వేళ. గాంధీనగర్‌లో సినిమాలు వేసే తెలిసినాయన అప్పుడే తేల్చేశాడు, పిల్లల సినిమా సెలవులైపోయాక వస్తే ఎవడు చూస్తాడు, శనాదివారాలు ఒక ఉదయం ఆట పెడితే ఎక్కువ అని. నేను సెకండ్ షో అడిగాను. పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్ళు చూసే సినిమా అది, ఇంటర్వెల్ లేకుండా వెయ్యండి, వాల్యూం పెంచండి, సగమే అయితే పోస్టర్ మీదే రాయండి అన్నాను. ఇంటర్వెల్ లేకపోతే క్యాంటీన్ వాడు చంపుతాడన్నాడాయన. బావగారైతే షాపు మూశాక సెకండ్ షోకే వస్తానన్నారు, తలనొప్పి బిళ్ళ జేబులో పెట్టుకుని.